ఇల్లును బడియును: ఆ తొమ్మిది మార్కులెవరివి?



రేపల్లెనుండి యొక సోదరి యీ నెల నాకు జాబు వ్రాసినది. ఆమె కుమార్తె తొమ్మిదవ తరగతి చదువుచున్నది. బడిలో సాంఘికశాస్త్రమున "మన ప్రాంతపు కాలువలు, వానివలన కలిగిన మార్పులు" అను విషయముపై ప్రాజెక్టు పని యిచ్చిరట. మరునాడు అప్పగింపవలసియుండగా, ముందురాత్రి తొమ్మిది గంటలకు పిల్ల యీ సంగతి తల్లి చెవిని వేసినది. పాప మా తల్లి యేమి చేయును? వంటయిల్లు సర్దుకొని, ఫోనులో దొరికిన వ్యాసమును తానే చూచి వ్రాసి, పటమును తానే గీసి, అంచులకు రంగుకాగితము తానే అంటించి, పండ్రెండు గంటలకు దీపమార్పినది. పిల్ల యప్పటికే నిద్రపోయినది. వారము దాటిన పిదప ఆ పనికి పదింట తొమ్మిది మార్కులు వచ్చినవి. ఇల్లంతయు సంతోషించినది. అప్పుడు పిల్ల నవ్వుచు, "అమ్మా, ఇవి నీ మార్కులే" అన్నదట.

"ఆ మాట నన్ను నిద్రపోనీయలేదు. నేను చేసినది సహాయమా, అపకారమా? చేయకుందునా, ఇరుగుపొరుగు బిడ్డల పనులన్నియు పెద్దలే చేసిపెట్టుచున్నారు, నా బిడ్డ వెనుకబడును. ఈ నిరంతర మూల్యాంకనము బిడ్డలకా, తల్లులకా?" అని ఆ సోదరి యడుగుచున్నది.

ఈ ప్రశ్న ఆమెయొక్కతెది కాదు. తెనాలిలోను, బాపట్లలోను నేనెరిగిన యిండ్లలో సగమింట ఈ మాట వినబడుచునే యున్నది. కావున ఈ నెల దీనినే విచారింతము.

మొదట ఈ మూల్యాంకనమన నేమో తెలిసికొనవలయును. మనది కృష్ణ డెల్టా. వరిపైరు నెరుగని యిల్లాలు మనలో అరుదు. కళ్లమున కుప్ప నూర్చి ధాన్యము కొలిచినపుడు పంట యెంతయో తెలియును. కాని యే మడికి నీరందలేదో, ఏ మూల తెగులు సోకినదో ఆ కొలత చెప్పదు. చెప్పినను ఆ యేటి పైరునకు లాభము లేదు. తెలివిగల రైతు నారు పోసిన నాటినుండి గట్టుమీద నడచి చూచుచునే యుండును. ఆకు పసుపువారిన నాడే మందు వెదకును. సంవత్సరాంతపు పరీక్ష కళ్లములోని కొలతవంటిది. నిరంతర మూల్యాంకనము గట్టుమీది నడకవంటిది. రెండును కావలసినవే, కాని పైరును బ్రతికించునది రెండవది.

మన రాష్ట్రపు బడులలో దీనికి రెండు భాగము లేర్పరచిరి. పాఠము జరుగుచుండగనే నడుమనడుమ చేయునది నిర్మాణాత్మక మూల్యాంకనము; పిల్లలు దీనినే ఎఫ్.ఏ. అందురు. కొన్ని నెలల పాఠములపై ఒక్కమారు వ్రాయించునది సంగ్రహణాత్మక మూల్యాంకనము, ఇది ఎస్.ఏ. ఈ పద్ధతి వచ్చిన కాలమున ఎఫ్.ఏ. యొక్క 50 మార్కులను నాలుగు పాళ్లు చేసిరి. తరగతిలో పాలుగొని తన తలపు చెప్పినందులకు 10, నోటుపుస్తకములోని వ్రాతపనికి 10, ప్రాజెక్టునకు 10, లఘుపరీక్షకు 20. అనగా ముప్పది మార్కులు బిడ్డ దినదినము చేయు పనికి, ఇరువది మాత్రమే పరీక్షకు. ఈ పంపకము తరువాత పలుమార్లు మారినది, ఇకముందును మారవచ్చును. లెక్క మారినను అందలి తలపు మాత్రము ఒక్కటే: బిడ్డ యేమి కంఠస్థము చేసెనని గాక, ఏమి గ్రహించెను, గ్రహించినదానిని ఎట్లు వాడుకొనుచున్నది అని చూచుట.

ఇది నిన్నమొన్న పుట్టిన వింతయని యనుకొనవలదు. మదరాసు రాజధానిలో మెట్రిక్యులేషను పరీక్షకు మారుగా 1911 ప్రాంతమున ఎస్.ఎస్.ఎల్.సి. పద్ధతి వచ్చినపుడు, పబ్లిక్ పరీక్ష మార్కులతోపాటు బడిలో తెచ్చుకొన్న మార్కులను గూడ ఒక పుస్తకమున నెక్కించి విద్యార్థి చేతికిచ్చుచుండిరి. గుంటూరు జిల్లా అప్పుడా రాజధానిలోనిదే. 1952–53లో మొదలియారు సంఘము ఒక్క పరీక్షనే నమ్ముకొనక బడి రికార్డులకును విలువ నీయవలెనని చెప్పినది. 1986 జాతీయ విద్యావిధానము నిరంతర సమగ్ర మూల్యాంకనమును పేరుతో పేర్కొన్నది. 2009లో చేయబడి 2010 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చిన విద్యాహక్కు చట్టము ఎనిమిదవ తరగతివరకు దీనిని విధిగా చేసినది. పిమ్మట మన రాష్ట్రమున ఉన్నత పాఠశాల తరగతులకును ఇది ప్రాకినది.

ఇంతకాలము మంచిదని యందరును చెప్పుచు వచ్చిన పద్ధతి నిలదొక్కుకొనలేక పోవుటకు కారణమేమి? సోదరి జాబులోనే సమాధానమున్నది. 2016–17లో ఆంధ్రప్రదేశమున పదవ తరగతి పబ్లిక్ పరీక్షలలో 80 మార్కులు వ్రాతపరీక్షకును, 20 మార్కులు బడిలో జరిగిన మూల్యాంకనమునకును ఏర్పరచిరి. ఆ యిరువదింటిని బడులు అర్హత చూడక పంచిపెట్టుచున్నవని ఆరోపణలు బయలుదేరినవి. 2019లో ప్రభుత్వము వానిని తీసివేసినది. కేంద్ర బోర్డు బడులలోను ఇట్లే 2009లో ప్రవేశించిన ఈ పద్ధతి 2017లో వెనుకకు మరలినది. బిడ్డది కాని పనికి బడి మార్కు వేయును; బడి వేసిన మార్కును లోకము నమ్మదు; తుదకు నిజముగా కష్టపడిన బిడ్డ పనికిని విలువ పోవును. మన చేతితో మనము చేసిన నష్టములో ఇదియు నొకటి.

దీనికి తోడు మరియొక సంగతి మరువరానిది. 2020లోను, 2021లోను కరోనా వ్యాధివలన పదవ తరగతి పబ్లిక్ పరీక్షలు జరుగలేదు. అప్పుడు పిల్లలకు గ్రేడు లీయవలసివచ్చినపుడు తరగతిగదిలోని మూల్యాంకనపు మార్కులే ఆధారమైనవి. ఏడాదిపొడుగున ఎవరును లెక్కచేయని ఆ చిన్న మార్కులే ఆపత్కాలమున బిడ్డల చదువునకు సాక్ష్యమైనవి. సాక్ష్యము నిజమైనదైననే గదా నిలుచును!

ఇక సాంఘికశాస్త్రమునకే యింత పట్టుదల యేలయని యడుగవచ్చును. లెక్కలలో బిడ్డకు వచ్చినదో రాలేదో ఒక లెక్క చేయించిన తెలియును. సాంఘికశాస్త్రమున అట్లు కాదు. 2011 తరువాత వచ్చిన మన పాఠ్యపుస్తకములలో ఈ శాస్త్రమునకు ఆరు విద్యాప్రమాణములు చెప్పిరి: విషయమును గ్రహించుట, చదివిన దానికి వ్యాఖ్య చెప్పుట, సమాచారమును సేకరించి పరిశీలించుట, నేటి సంగతులపై ప్రశ్నించుట, పటములను చదువుట గీయుట, ఇతరుల కష్టసుఖములయెడ సున్నితముగా నుండుట. ఇందు సమాచారము సేకరించు నేర్పును ఏ మూడుగంటల ప్రశ్నపత్రము కొలువగలదు? పదిమంది జాలరులతో మాటలాడి వచ్చిన బిడ్డ మనసులో కలిగిన జాలిని ఏ నాలుగు వాక్యముల జవాబు చూపగలదు? దీనికి తరగతిలోని మాట, ఊరిలోని నడక, నోటుపుస్తకములోని సొంత వ్రాత, ఇవియే గురుతులు. 2024–25లో పదవ తరగతికి ఎన్.సి.ఇ.ఆర్.టి. పుస్తకములు వచ్చినవి. పుస్తకము మారినను ఊరు మారదు; ఊరు చూచి నేర్చుకొను పనియు మారదు.

మన మూడు పట్టణముల చుట్టునున్న ప్రదేశము ఈ పనికి ఎంత యనువైనదో చూడుడు. తెనాలినుండి రేపల్లెకు పోవు రైలుదారిలోనే భట్టిప్రోలు కలదు. అక్కడి బౌద్ధస్తూపమును 1892లో అలెగ్జాండర్ రీ త్రవ్వించినపుడు, క్రీస్తునకు పూర్వపు లిపితో లేఖములు చెక్కిన ధాతుపేటికలు బయటపడినవి. తెనాలి రణరంగచౌకులో, 1942 ఆగస్టు 12న క్విట్ ఇండియా ఉద్యమమున పోలీసుకాల్పులలో ప్రాణములిడిన యేడుగురి జ్ఞాపకార్థము స్తంభములున్నవి. బాపట్లలో 1913లో మొదటి ఆంధ్రమహాసభ జరిగినది. తెలుగువారికి వేరు రాష్ట్రము కావలెనను మాట అచ్చట పెద్ద సభ కెక్కినది. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన దివిసీమను ముంచి వేలకొలది జనమును పొట్టన బెట్టుకొన్నది. కృష్ణ కీవలియొడ్డునగల రేపల్లె సీమయు ఆ గాలివాన దెబ్బ తిన్నదే. ఆ రాత్రిని కన్నులార చూచిన అవ్వలు ఇంకను మన యిండ్లలో నున్నారు. ఇక కాలువలమాట చెప్పనేల? 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తియైన పిమ్మట కృష్ణనీరు మన పొలములకు ప్రాకినది. 1957లో దానికి మారుగా ప్రకాశం బ్యారేజి వచ్చినది. తెనాలి నడిబొడ్డున కాలువ చూడని పిల్ల యుండునా?

రేపల్లె సోదరి కుమార్తె కిచ్చిన విషయము సరిగా ఇదియే. ఫోనులో దొరికిన వ్యాసమునకు బదులు ఆ పిల్ల యేమి చేసియుండవచ్చును? ఇంటివెనుక పొలమున్న తాతగారిని, "ఈ యేడు కాలువకు నీరెప్పుడు వదలిరి? మన చివరిమడికి ఎన్ని దినములకు వచ్చెను?" అని యడిగి వ్రాసికొనవచ్చును. సముద్రమునకు దగ్గరి యూరి బంధువును, "మీ బావిలో నీరు తీయగానున్నదా, ఉప్పగానున్నదా?" అని యడుగవచ్చును. ఎగువ తెనాలివారి జవాబును దిగువ రేపల్లెవారి జవాబును ప్రక్కప్రక్కన పెట్టిన, కాలువ మొదటనున్న రైతునకును చివరనున్న రైతునకును గల భేదము తానే కనిపెట్టును. దీనికి రంగుకాగితము అక్కరలేదు. రెండు పుటలు చాలును. అవి యే అంగడిలోను దొరకవు.

నాకు దూరపు బంధువగు నొక ఉపాధ్యాయిని చెప్పిన సంగతి వినుడు. ఆమె తరగతిలో ఇద్దరు పిల్లలు డెల్టా కాలువల పటములు తెచ్చిరి. ఒకటి జిరాక్సు అంగడిలో రంగులతో అచ్చువేయించి, గట్టి అట్టకు అతికించినది. రెండవది నీలిసిరాతో గీసినది. గీతలు వంకరగా నున్నవి, ఒక కాలువ ఉండవలసిన చోటుకంటె ప్రక్కకు జరిగినది. ఆమె యిద్దరిని ఒకే ప్రశ్న అడిగినది: "ఈ పటములో నీరు ఏ వైపునకు పారుచున్నదమ్మా?" అచ్చుపటము పిల్ల పటమువంక చూచి, మాష్టరమ్మవంక చూచి, తల వంచుకొన్నది. నీలిసిరా పిల్ల మాత్రము వ్రేలు పెట్టి, "ఇటునుండి సముద్రమువైపు. మా యింటి దగ్గర వంతెనమీదినుండి తామరాకు వేసి చూచితిని" అన్నది. ఎవరికెన్ని మార్కులు వేయవలెనో ఆ ఉపాధ్యాయినికి వేరుగా ఆలోచింప నక్కరలేకపోయినది. కాని, "తరగతిలో అందరిని ఇట్లడుగుటకు నాకు గంట చాలదు. అడుగలేని దినమున అందమైన అట్టకే మార్కు పడిపోవును" అని ఆమె నిట్టూర్చినది. ఆమె కష్టమును మనము గ్రహింపవలయును. పెద్ద తరగతి, చిన్న గంట, పేరుపేరున మార్కులు ఎక్కింపవలసిన పని. ఇంటినుండి వచ్చిన అబద్ధమును పట్టుకొనుటలోనే ఆమె పొద్దు పోయిన, చదువు చెప్పు పొద్దెక్కడిది?

కనుక సోదరీ, మీ ప్రశ్నకు నా సమాధాన మిది. మీరు చేసినది ప్రేమతో చేసినదే. కాని అది సహాయము కాదు. మీరు గీసిన పటమువలన మీ బిడ్డకు పటము గీయుట రాదని ఉపాధ్యాయినికి తెలియకపోయినది. జ్వరముగల బిడ్డను వైద్యునికడకు కొనిపోవునపుడు నుదుట చల్లని గుడ్డ వేసి, "జ్వరమే లేదు" అని చెప్పినట్లున్నది. గట్టుమీద నడచు రైతునకు పసుపువారిన ఆకు కనబడకుండ పచ్చరంగు పూసితిరి.

"నా బిడ్డ వెనుకబడును" అను భయమును నేను తీసివేయలేను. మీరు చేతులు ముడుచుకొన్న నెలలో ఆమెకు తొమ్మిదికి బదులు ఆరు రావచ్చును. ఆ ఆరు ఆమెవి. వచ్చే నెల అవి యేడగుట మీ రిద్దరును చూతురు. ఇతరుల చేతిపనితో వచ్చిన తొమ్మిది పెరుగుటకు దారి లేదు, తరుగుటకే దారి కలదు. పరీక్షగదిలో తల్లి ప్రక్కన కూర్చుండదు గదా.

అట్లని తల్లి చేయవలసిన పని లేదనుకొనరాదు. చాల కలదు. మొదటిది, పని యిచ్చిన నాడే బిడ్డ మనకు చెప్పు నలవాటు చేయుట. సాయంకాలము బడినుండి రాగానే "ఎన్ని మార్కులు వచ్చినవి?" అని యడుగుటకు మారుగా "ఈ దినమున ఏమి పని యిచ్చిరి? నీవేమి ప్రశ్న అడిగితివి?" అని యడుగుడు. కొన్ని వారములకు బిడ్డ మనము అడుగకయే చెప్పును. ముందురాత్రి తొమ్మిది గంటల ఆపద సగము దీనితోనే తీరును.

రెండవది, పెద్దలను చూపించుట. ఉప్పెనను చూచిన అవ్వ యెవరో, పాత కాలువ పడవలను ఎరిగిన తాత యెవరో, బిడ్డకు తెలియదు, మనకు తెలియును. వారికడకు తీసికొనిపోయి, మనము ప్రక్కకు తొలగవలెను. ప్రశ్నలు బిడ్డయే అడుగవలెను. అడుగవలసినవి అయిదు ప్రశ్నలు ముందుగా వ్రాసికొమ్మని చెప్పుట మన వంతు.

మూడవది, భోజనమువేళ చెప్పించుకొనుట. వ్రాసినదానిని చూడకుండ నాలుగు మాటలలో నాయనకో అవ్వకో చెప్పుమనుడు. ఎక్కడ తడబడునో అక్కడ గ్రహింపు చాలలేదని తెలిసికొనుడు. తప్పు కనబడినను మన చేతితో దిద్దవలదు; "ఇది మరల ఒకమారు చూచుకొమ్మా" యనుటతో నిలుపుడు. వంకరగీత వంకరగానే బడికి పోనిండు.

నాలుగవది, పాత నోటుపుస్తకములను తూకమునకు అమ్మివేయక ఆ యేడు ముగియువరకు దాచుట. జూన్‌లో వ్రాసిన పుటను, జనవరిలో వ్రాసిన పుటను ప్రక్కప్రక్కన పెట్టి బిడ్డకే చూపుడు. తాను పెరిగితినని ఏ మార్కుకంటెను అదే యెక్కువగా చెప్పును. తల్లిదండ్రుల సమావేశమునకు పోయినపుడును, "నా బిడ్డకు మార్కులేల తగ్గినవి?" అనుటకు మారుగా, "ఏది రాలేదు? ఇంటిలో మేమేమి చేయవలెను?" అని యడుగుడు. ఆ ప్రశ్న విన్న ఉపాధ్యాయుడు మీ బిడ్డను మరల మరచిపోడు.

అయిదవది ఆడపిల్లల తల్లులకు ప్రత్యేకముగా చెప్పవలసినది. భట్టిప్రోలు స్తూపమును చూచి రమ్మని బడిలో చెప్పిన, అబ్బాయిని స్నేహితులతో రైలెక్కింతుము. అమ్మాయిని ఇంటిలో కూర్చుండబెట్టి పుస్తకమునుండి ఎక్కించి వ్రాయుమందుము. తుదకు ఇద్దరికిని మార్కులు సమానముగా వచ్చినను, ఒకరు ఊరు చూచినవారు, ఒకరు చూడనివారు. సాంఘికశాస్త్రమన సంఘమును చదువుట. గడప దాటకుండ అది రాదు. తోడుగా మీరే వెళ్లుడు. ఆ దినమున వంట ఒక పూట ఆలస్యమైనను ఇల్లు మునిగిపోదు. మనలో ఎందరమో ఇన్నేండ్లు ఆ రైలుదారిలో తిరిగియు, భట్టిప్రోలులో దిగి ఆ స్తూపమును చూచినవారము కాము. బిడ్డ చదువు పుణ్యమున మనకును ఆ భాగ్యము కలుగును.

సోదరీ, మీ కుమార్తె "ఇవి నీ మార్కులే" యని నవ్వినదని వ్రాసితిరి. ఆ నవ్వునకు నేను సంతోషించుచున్నాను. తనది కానిదానిని తనదికాదని చెప్పగల బిడ్డ మీ యింట నున్నది. సాంఘికశాస్త్రమున ఆరు ప్రమాణము లున్నవంటిని. ఈ నిజాయితీ యేడవది, దానిని బడి కొలువజాలదు. తరువాతి ప్రాజెక్టు పని వచ్చినపుడు ఆమె చేతికి కాగితమును సిరాయును ఇచ్చి, మీరు ప్రక్కన కూర్చుండి మీ బియ్యము ఏరుకొనుచుండుడు. ఆమె యెన్ని తెచ్చుకొన్నదో గాక, ఏమి కనిపెట్టినదో నాకు మరల జాబు వ్రాయుడు. ఇతర సోదరీమణులును తమ తమ ఊళ్ల అనుభవములను వ్రాసి పంపిన, రాబోవు నెలలలో వానిని ముచ్చటించుకొందము.